పురావస్తు పరిశోధన పత్రాల్లో అందరికీ చోటు: తవ్వకం నుంచి ప్రచురణ దాకా ఏ దశలో ఏం చేయాలి

1932లో అప్పటి పాలస్తీనాలోని కార్మెల్ కొండ మీది తబూన్ గుహలో తవ్వకాలు జరుగుతున్నాయి. అక్కడ పనిచేస్తున్న యుస్రా అనే పాలస్తీనా మహిళ మట్టిలో ఒక పన్ను ఉండటం గమనించింది. దాని చుట్టూ జాగ్రత్తగా తవ్వుకుంటూ వెళ్తే నలిగిపోయిన ఒక నియాండర్తాల్ స్త్రీ పుర్రె బయటపడింది. మానవ పరిణామం చదివే విద్యార్థులకు అది ‘తబూన్ 1’గా తెలుసు. తవ్వకాలు నడిపించిన డొరొతీ గారడ్ పేరూ తెలుసు. 1939లో కేంబ్రిడ్జ్‌లో ప్రొఫెసర్ పదవి అందుకున్న మొదటి మహిళ ఆమె. యుస్రా గురించి రాసినవాళ్లంతా మాత్రం యుస్రా అనే ఊరుకోవాల్సి వస్తోంది. ఇంటిపేరు దొరకదు.

ఇందులో విలన్లెవరూ లేరు. గారడ్ స్వయంగా మగవాళ్ల రాజ్యంగా ఉన్న రంగంలో నెగ్గుకొచ్చిన మనిషి. తన తవ్వకాల్లో ఆడవాళ్లకు పెద్దపీట వేసింది కూడా. అయినా ఒక పేరు సగమే మిగిలింది. పేర్లు జారిపోవడానికి ఎవరూ కుట్ర చేయక్కర్లేదు, ఫీల్డ్ నోట్‌బుక్‌లో ఆ పేరు రాసే గడి లేకపోతే చాలు.

అందుకే ఈ మార్గదర్శి, జర్నల్‌కు పేపర్ పంపే రోజున మొదలవదు. తొలి పేపర్ రాస్తున్న పరిశోధకులు, ప్రాజెక్ట్ డైరెక్టర్లు, రివ్యూయర్లు, జర్నల్ సంపాదకులు ఎవరి దశ నుంచి వాళ్లు అందుకోవచ్చు. డైరెక్టర్లు మాత్రం మొదటి నుంచీ చదవాలి, ఎందుకంటే సగం పని వాళ్ల చేతుల్లోనే చెడిపోతుంది.

ముందు లెక్కలు ఏం చెబుతున్నాయో చూద్దాం

1985లో జోన్ గెరో ‘అమెరికన్ యాంటిక్విటీ’ అనే జర్నల్‌లో రాసిన వ్యాసం ఈ చర్చకు ఒక మూలం. బయటికెళ్లి తవ్వే పని మగవాళ్లకూ, తెచ్చిన వస్తువులను కూర్చుని వర్గీకరించే పని ఆడవాళ్లకూ పడుతోందని, పేరు మాత్రం తవ్విన వాళ్లకే వస్తోందని ఆమె చూపించింది. 2014లో డానా బార్డాల్ఫ్ అమెరికా పురావస్తు జర్నళ్లలో 1990 తర్వాత వచ్చిన వేలాది వ్యాసాలను పరిశీలించి, మొదటి రచయితలుగా ఆడవాళ్లు ఇంకా తక్కువగానే ఉన్నారని తేల్చింది. పశ్చిమ ఉత్తర అమెరికా మీద 2017లో వచ్చిన మరో అధ్యయనంలో ఇంకో కోణం బయటపడింది. పీర్ రివ్యూ (అదే రంగంలోని ఇతర నిపుణుల పరిశీలన) లేని వేదికల్లో ఆడవాళ్ల వాటా మెరుగ్గా ఉండి, పీర్ రివ్యూ జర్నళ్లకు వచ్చేసరికి పడిపోతోంది. అంటే పని చేస్తున్నారు, రాస్తున్నారు కూడా. కానీ ప్రమోషన్లకు లెక్కలోకి వచ్చే చోట కనిపించడం లేదు.

2020లో లారా హీత్-స్టౌట్ చేసిన పని నా దృష్టిలో వీటన్నిటికన్నా ముఖ్యమైనది. ఆమె రచయితలనే నేరుగా అడిగింది: మీ జెండర్ ఏమిటి, జాతి ఏమిటి, లైంగికత ఏమిటి అని. ఆడా మగా తేడా కొంత తగ్గుతున్నట్టు కనిపించినా, రచయితల్లో అత్యధికులు తెల్లజాతి వాళ్లే. ఒక్క కొలబద్దతో కొలిస్తే ప్రగతిలా కనిపించేది ఇంకో కొలబద్ద పక్కన పెట్టగానే తేలిపోతుంది. గారడ్‌కు దక్కిన చోటు యుస్రాకు దక్కలేదన్నదీ ఇదే విషయం.

మొదటి అడుగు: పలుగు పట్టకముందే రచయితల ఒప్పందం

తవ్వకం మొదలవకముందే, నిధులు వచ్చిన వెంటనే, ఒక కాగితం రాసుకోండి. రెండు పేజీలు మించనక్కర్లేదు. ఈ ప్రాజెక్ట్ నుంచి ఎలాంటి పేపర్లు వస్తాయి, ఎవరు ఏ పని చేస్తే రచయిత అవుతారు, మొదటి పేరు ఎవరిది, ఎవరైనా మధ్యలో వెళ్లిపోతే ఏం చేయాలి అన్నవి అందులో ఉండాలి. అప్పటికి ఎవరికీ ఏమీ దొరకలేదు కాబట్టి గొడవ ఉండదు. అపూర్వమైన సమాధి బయటపడ్డాక ఇదే మాట ఎత్తితే మొహమాటాలూ టెన్షన్లూ మొదలవుతాయి, అప్పుడు గెలిచేది పదవిలో పెద్దవాళ్లే.

ఎవరి పని ఏమిటో విడగొట్టడానికి క్రెడిట్ (CRediT) అనే పద్ధతి ఉంది. 2014లో రూపుదిద్దుకుంది, ఇప్పుడు చాలా జర్నళ్లు అడుగుతున్నాయి. ఆలోచన, పద్ధతి, పరిశోధన, డేటా నిర్వహణ, చిత్రీకరణ, నిధుల సేకరణ, తొలి ముసాయిదా రాయడం ఇలా మొత్తం 14 పాత్రలు ఉంటాయి. పద్ధతి మంచిదే కానీ ఇది ల్యాబ్ సైన్సులను దృష్టిలో పెట్టుకుని చేసింది. మన రంగంలో నేల రంగు మారిందని వేలితో తడిమి పట్టుకునే నైపుణ్యం అందులో ఎక్కడా విడిగా లేదు. కాబట్టి దాన్ని ‘పరిశోధన’ కింద చేర్చి, పక్కన ఒక వాక్యం రాయండి: ఫలానా ట్రెంచ్‌లో (తవ్వకపు గుంటలో) పొరలను గుర్తించి నమోదు చేసింది ఫలానా వ్యక్తి అని. ట్రెంచ్ సూపర్‌వైజర్, కుండపెంకుల నిపుణులు, ఎముకల నిపుణులు, డ్రాయింగులు వేసినవాళ్లు, సర్వే చేసినవాళ్లు, ఒక్కొక్కరినీ ఈ పట్టిక ముందు కూర్చోబెట్టి అడగండి: మీరు ఏయే పనుల్లో ఉన్నారు? డైరెక్టర్ ఒక్కరే నింపితే ఆ పట్టికకు అర్థం లేదు.

ఇక్కడ చాలామంది తట్టుకుని పడిపోయే రాయి ఒకటుంది. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన రచయిత అర్హతలను ఇప్పుడు ఇతర రంగాలూ వాడుతున్నాయి. పనిలో గట్టి పాత్ర ఉండాలి, ముసాయిదా రాయడంలోనో సరిదిద్దడంలోనో పాలుపంచుకోవాలి, చివరి రూపానికి ఒప్పుకోవాలి, జవాబుదారీ వహించాలి. ఈ నాలుగింటిలో రెండోది చూపించి, ఇంగ్లిష్ రాయలేని స్థానిక సహచరులను రచయితల జాబితా నుంచి తప్పిస్తుంటారు. కానీ అదే కమిటీ ఇంకో మాట కూడా చెప్పింది: పనిలో గట్టి పాత్ర ఉన్నవాళ్లకు ముసాయిదా చూసి, సరిదిద్ది, ఆమోదించే అవకాశం ఇవ్వాలి, అవకాశం ఇవ్వకుండా అర్హత లేదనకూడదు. అంటే అనువాదం చేసి చూపించడం మీ బాధ్యత. ముఖ్యమైన వాదనలను వాళ్ల భాషలో రాసి ఇవ్వండి, లేదా కలిసి కూర్చుని చదివి వినిపించండి. వాళ్లు చెప్పిన దిద్దుబాట్లను తేదీతో సహా రాసిపెట్టుకోండి. నాలుగు షరతులూ పూర్తవుతాయి, ఏ సంపాదకుడు అడిగినా చూపించొచ్చు.

దీనికి అవతలి తప్పు కూడా చేయకండి. అనుమతి సంతకం పెట్టిన అధికారికి, సైట్ చూసిపోయిన పెద్దమనిషికి మొహమాటం కొద్దీ రచయిత హోదా ఇవ్వడం అందరినీ కలుపుకోవడం అనిపించుకోదు. పత్రం పంపేముందు హడావిడిగా ఒక స్థానిక పేరు వెతికి అతికించడం అంతకన్నా చెడ్డది. ఆ మనిషికి పేపర్లో ఏముందో కూడా తెలియదు, రేపు దానిలో తప్పుంటే జవాబు చెప్పాల్సింది మాత్రం ఆయనే.

రెండో అడుగు: పేర్లు రాసుకోవడం

ఇది చిన్న పని. కానీ అందరూ వదిలేసేది ఇదే. ఒక్కో పొర, గుంట వివరాలు రాసుకునే రోజువారీ కాంటెక్స్ట్ షీట్ మీద ‘తవ్వినవారు’ అని ఒక గడి పెట్టండి. ఫోటో రిజిస్టర్‌లో ‘ఫోటోలో ఉన్నవారు’ అని ఇంకో గడి పెట్టండి. ఆయా మనుషులను అడిగి, వాళ్ల పేరు వాళ్ల లిపిలో వాళ్లచేతే రాయించుకోండి. రాయలేనివాళ్లయితే పలికించి రికార్డు చేసుకోండి. పేరు అచ్చులో రావడం ఇష్టమేనా అని కూడా అడగాలి. కొన్ని చోట్ల ఒక తవ్వకంలో పనిచేసినట్టు తెలిస్తే ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు. వద్దన్న మనిషి పేరు వేయడం గౌరవం కాదు.

ప్రచురణకు వచ్చేసరికి ఫారాలతో పేచీ వస్తుంది. చాలా జర్నళ్ల ఆన్‌లైన్ ఫారం ప్రతి మనిషికీ ఒక ఇంటిపేరు, ఒక సొంత పేరు, ఒక ఈమెయిల్ ఉంటాయని నమ్ముతుంది. ఒకే పేరున్నవాళ్లు, రెండు ఇంటిపేర్లున్నవాళ్లు, ఇంటిపేరు ముందు రాసేవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. పరిశోధకులకు ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇచ్చే, 2012 నుంచి నడుస్తున్న ఓర్కిడ్‌లో ఇంటిపేరు తప్పనిసరి కాదు. కాబట్టి ఒకే పేరున్న సహరచయితకు ముందు అక్కడ ఐడీ తీయించండి, ఆ తర్వాత సంపాదకులకు మెయిల్ రాసి పేరు ఎలా అచ్చు కావాలో స్పష్టంగా చెప్పండి. ఫారం ఒప్పుకోదని చుక్క పెట్టో, పేరును రెండుసార్లు రాసో సరిపెట్టేస్తే ఆ చుక్క డేటాబేసుల్లో శాశ్వతంగా ఉండిపోతుంది. ప్రూఫ్ వచ్చినప్పుడు వ్యాసంలోని వాక్యాల కన్నా ముందు పేర్లు చూడండి. అక్షరాల మీది గుర్తులు ఎగిరిపోయేది ఆ దశలోనే.

ట్రాన్స్ సహచరులు పేరు మార్చుకుంటే పాత పేపర్లలో కూడా మార్చే విధానం ఇప్పుడు చాలామంది ప్రచురణకర్తల దగ్గర ఉంది. సవరణ నోటీసు వేసి అందరికీ చాటకుండా నిశ్శబ్దంగా మార్చే వీలుందో లేదో ముందే కనుక్కోండి. మీ రెఫరెన్సుల జాబితాలో కూడా కొత్త పేరే వాడండి.

మూడో అడుగు: ఎవరి పూర్వీకులు, ఎవరి అనుమతి

ప్రభుత్వ అనుమతి చేతిలో ఉంది కాబట్టి అన్నీ అయిపోయాయనుకునే ధోరణి మన రంగంలో బలంగా ఉంది. అనుమతి పత్రం తవ్వడానికి ఇచ్చేది. ఆ దొరికినదాన్ని ప్రపంచానికి చూపించొచ్చా అన్నది వేరే ప్రశ్న, దాన్ని అడగాల్సింది వేరే మనుషులను.

1996లో అమెరికాలో కెన్నెవిక్ దగ్గర దొరికిన సుమారు 9,000 ఏళ్ల నాటి అస్థిపంజరం ఉదాహరణ చూడండి. స్థానిక తెగలు ఆయన్ను తమ ప్రాచీన పూర్వీకుడన్నాయి, శాస్త్రవేత్తలు పరిశోధన హక్కు కోసం కోర్టుకెళ్లారు. ఏళ్ల తరబడి కేసు నడిచింది. చివరికి డీఎన్ఏ పరీక్షలు ఆయన అమెరికా మూలవాసులకే దగ్గర అని తేల్చాక, 2017లో ఆ తెగలే ఆయన్ను తిరిగి భూమిలో పెట్టుకున్నాయి. మూలవాసుల సమాధులను, అవశేషాలను కాపాడేందుకు అమెరికాలో 1990 నుంచి ఉన్న నాగ్‌ప్రా చట్టానికి 2024 జనవరిలో కొత్త నిబంధనలు వచ్చాయి. ఆ చట్టం కిందికొచ్చే మానవ అవశేషాల మీద పరిశోధన చేయాలన్నా, ప్రదర్శించాలన్నా ముందుగా సంబంధిత సమాజాల సమ్మతి తీసుకోవాలి. చట్టం లేని చోట కూడా 1989 నాటి వెర్మిలియన్ ఒప్పందం దారి చూపిస్తుంది. చనిపోయినవాళ్ల పట్ల, వాళ్ల సమాజాల కోరికల పట్ల గౌరవం చూపాలన్న సూత్రాన్ని ప్రపంచ పురావస్తు కాంగ్రెస్ అప్పుడే ఆమోదించింది.

ఇది ప్రచురణకు ఎలా వర్తిస్తుంది? చిలీలోని అటకామా ఎడారిలో దొరికిన ‘అటా’ అనే చిన్న మమ్మీ జన్యు విశ్లేషణ 2018లో ఒక జర్నల్‌లో వచ్చింది. ఆ అవశేషం దేశం దాటి ఒక ప్రైవేట్ సేకరణకు చేరింది. చిలీ శాస్త్రవేత్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు: ఇది ఒక బిడ్డ శరీరం, ఎవరి అనుమతితో పరీక్షించారు, చిలీ నుంచి ఒక్క రచయితైనా ఎందుకు లేరు? పీర్ రివ్యూలో ఈ ప్రశ్న రాకపోవడం నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచింది. పద్ధతులు చూసే రివ్యూయర్లున్నారు కానీ అవశేషం ఎక్కడిది అని అడిగే మనిషి ఆ గదిలో లేరు.

కాబట్టి ముసాయిదాలో ‘అనుమతులు’ అని ఒక పేరా విడిగా రాయండి. ప్రభుత్వం నుంచి ఏది తీసుకున్నారు, సమాజం నుంచి ఏది తీసుకున్నారు, ఎవరితో ఎప్పుడు మాట్లాడారు, వాళ్లు ఏది వద్దన్నారు. చివరిది తప్పకుండా ఉండాలి. ఏదీ వద్దనలేదంటే నిజంగా అడిగారా అని రివ్యూయర్ అనుమానించొచ్చు. ప్లాస్ అనే ప్రచురణ సంస్థ జర్నళ్లు 2021 నుంచి ఇతర దేశాల్లో, సమాజాల్లో చేసిన పరిశోధనలకు ఇలాంటి ప్రశ్నాపత్రం పెట్టాయి. మీరు వేరే జర్నల్‌కు పంపుతున్నా ఆ ప్రశ్నలు ముందు పెట్టుకుని రాస్తే మంచి పేరా తయారవుతుంది.

మానవ అవశేషాల ఫోటోలు అవసరమా అని రెండుసార్లు ఆలోచించండి. కొన్ని జర్నళ్లు ఇప్పుడు వాటిని తీసుకోవడం లేదు. చాలా వాదనలకు రేఖాచిత్రం సరిపోతుంది.

డేటా సంగతికొస్తే, ఫెయిర్ సూత్రాలు 2016లో వచ్చాయి: డేటా దొరకాలి, అందాలి, వేరే డేటాతో కలవాలి, మళ్లీ వాడుకునేలా ఉండాలి. 2019లో మూలవాసుల డేటా కోసం కేర్ సూత్రాలు వచ్చాయి: ఉమ్మడి మేలు, అధికారం, బాధ్యత, నైతికత. మొదటిది డేటా గురించి, రెండోది మనుషుల గురించి. ఈ రెండూ ఢీకొనేది ముఖ్యంగా సైట్ అక్షాంశ రేఖాంశాల దగ్గర. కచ్చితమైన లొకేషన్ అందరికీ పెడితే దొంగ తవ్వకాలవాళ్లకు మ్యాప్ ఇచ్చినట్టే, పవిత్ర స్థలమైతే అక్కడివాళ్లకు ద్రోహం కూడా. లొకేషన్‌ను కొన్ని కిలోమీటర్ల మేర మసకబరిచి ప్రచురించి, అసలు డేటాను అడిగి తీసుకునే ఏర్పాటుతో ఆర్కైవ్‌లో పెట్టండి. ఎందుకలా చేశారో డేటా ప్రకటనలో రాయండి. ‘అడిగితే ఇస్తాం’ అన్న ఒట్టి మాట చాలదు. ఎవరిని అడగాలి, ఎవరు నిర్ణయిస్తారు అన్నది కూడా ఉండాలి.

నాలుగో అడుగు: వాక్యాల్లో మనుషులను మిగల్చడం

‘ఐదు ట్రెంచ్‌లు తవ్వబడ్డాయి. పొరలు గుర్తించబడ్డాయి.’ పురావస్తు నివేదికల్లో సగం వాక్యాలు ఇలా ఉంటాయి. ఎవరు తవ్వారు? ఎవరు గుర్తించారు? ఈ వాక్యాలు చదివితే ట్రెంచ్‌లు వాటంతటవే తెరుచుకున్నట్టుంటుంది. ఎక్కడైతే ఆ నిర్ణయం మనిషి చూపు మీద ఆధారపడిందో అక్కడ కర్తను పెట్టండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఒక పొర సరిహద్దు ఎవరు గీశారో తెలిస్తే రేపు మరొకరు అభ్యంతరం చెప్పేటప్పుడు ఎవరిని అడగాలో తెలుస్తుంది. శాస్త్రానికీ ఇది మేలే.

కృతజ్ఞతల పేరా చూడండి. మామూలుగా ఇలా ఉంటుంది: ‘తవ్వకాల్లో సహకరించిన స్థానిక కార్మికులకు ధన్యవాదాలు.’ దాన్ని ఇలా మార్చొచ్చు: ‘బి ట్రెంచ్‌లో కూలిన గోడను మొదట గుర్తించి, దాని దిశను సరిగ్గా అంచనా వేసినవారు ఫలానా. మూడు సీజన్ల పాటు జల్లెడ పనిని పర్యవేక్షించినవారు ఫలానా, ఫలానా.’ పొడవు పెద్దగా పెరగలేదు, కానీ రెండో దానిలో సమాచారం ఉంది. పదాల పరిమితి అడ్డొస్తే పూర్తి జాబితాను అనుబంధ ఫైల్‌లో పెట్టి, పేపర్లో దాన్ని ప్రస్తావించండి.

టుటంఖామన్ సమాధి తవ్వకం గురించి రాసిన పుస్తకంలో హోవార్డ్ కార్టర్ తన మేస్త్రీలు నలుగురికి పేరు పేరునా కృతజ్ఞతలు చెప్పాడు: అహ్మద్ గెరిగర్, గాద్ హసన్, హుసేన్ అబూ అవాద్, హుసేన్ అహ్మద్ సయీద్. ఆ కాలానికి అది మెచ్చుకోవాల్సిన పనే. అయితే అదే తవ్వకంలో హ్యారీ బర్టన్ తీసిన ప్రసిద్ధమైన ఫోటోల్లో ఈజిప్టు పనివాళ్లు కనిపిస్తారు కానీ, ఏ ముఖం ఎవరిదో కింద రాసి లేదు. పేర్లు ఒకచోట, ముఖాలు ఇంకోచోట మిగిలాయి. పాత నివేదికల్లో ఇంకో అలవాటు ఉండేది: గోడ ఎంత ఎత్తో తెలియడానికి పనివాణ్ణి పక్కన నిలబెట్టి ఫోటో తీయడం. మనిషిని కొలకర్రగా వాడుకున్నారు. మీ ఫోటోలో మనిషి ఉంటే, ఆయన సమ్మతి ఉంటే, పేరు వేయండి. కొలత కోసమైతే కొలకర్ర పెట్టండి.

‘కనుగొన్నారు’ అన్న మాట దగ్గర కూడా ఆగండి. ఆ ఊరివాళ్లకు తరతరాలుగా తెలిసిన దిబ్బను మీరు కనుగొనలేదు, నమోదు చేశారు. 1853లో నినెవేలో (నేటి ఇరాక్) అస్సిరియా రాజు అషుర్‌బనిపాల్ రాజభవనాన్ని బయటపెట్టిన హోర్ముజ్ద్ రస్సాం స్వయంగా ఆ పక్కనే ఉన్న మోసుల్ మనిషి. గిల్గమెష్ ఇతిహాసం రాసి ఉన్న మట్టి పలకలు వచ్చింది ఆ తవ్వకాల నుంచే. అంత చేసినా బ్రిటన్‌లో ఆయన ఘనత చాలాకాలం ఇతరుల ఖాతాలో పడింది. తన పరువు కోసం ఆయన 1893లో కోర్టుకు కూడా ఎక్కి గెలవాల్సి వచ్చింది.

ప్రాచీన కాలపు మనుషుల గురించి రాసేటప్పుడు కూడా ప్రాతినిధ్యం సంగతి వస్తుంది. స్వీడన్‌లోని బిర్కాలో 1878లో తవ్విన ఒక సమాధిలో ఆయుధాలు, గుర్రాలు దొరికాయి. ఆయుధాలున్నాయి కాబట్టి వంద ఏళ్లకు పైగా అది మగ యోధుడి సమాధిగా చలామణీ అయింది. ఎముకలు చూసినవాళ్లు స్త్రీ కావచ్చన్నా ఆ మాట నిలవలేదు. 2017లో డీఎన్ఏ ఆమె స్త్రీ అని తేల్చింది. మీ పేపర్లో లింగ నిర్ధారణ దేని ఆధారంగా చేశారో ప్రతిసారీ రాయండి: ఎముకలా, డీఎన్ఏనా, వెంట పెట్టిన వస్తువులా? వస్తువుల ఆధారంగానే అయితే అది నిర్ధారణ కాదు, ఊహ. పట్టికలో ఆ మాటే రాయాలి. జీవసంబంధమైన లింగం, ఆ సమాజంలో ఆ మనిషి పాత్ర, రెండింటినీ ఒకే గడిలో కుక్కకండి.

అయిదో అడుగు: రెఫరెన్సుల తనిఖీ

ముసాయిదా పూర్తయ్యాక, పంపే ముందు, రెఫరెన్సుల జాబితాను ఒక స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. ప్రచురణ ఏ దేశంలో వచ్చింది, ఏ భాషలో, తవ్వకం జరిగిన ప్రాంతానికి చెందిన పరిశోధకులవి ఎన్ని, మీ సొంత బృందానివి ఎన్ని? పేరు చూసి ఆడో మగో ఊహించే సాఫ్ట్‌వేర్ జోలికి పోవద్దు. యూరప్ పేర్లు దాటితే అది తప్పుల మీద తప్పులు చేస్తుంది, పైగా మనుషులను రెండు పెట్టెల్లోనే వేస్తుంది. తెలిసినవాళ్ల గురించి తెలిసినంతే నమోదు చేయండి. మిగతాది ఖాళీ వదిలినా పర్లేదు.

పట్టిక సిద్ధమయ్యాక చూడాల్సింది శాతాలు కాదు, పనులు. సిద్ధాంతం కోసం ఎవరిని ఉటంకించారు, డేటా కోసం ఎవరిని ఉటంకించారు? చాలా పేపర్లలో సిద్ధాంతమంతా రెండు మూడు దేశాల విశ్వవిద్యాలయాల నుంచి వస్తుంది, స్థానిక పరిశోధకులు మాత్రం ‘ఈ కుండల గురించి చూడండి’ అన్న చోట బ్రాకెట్లలో కనిపిస్తారు. వాళ్లు కూడా వాదనలు చేశారు, ఆ వాదనలతో తలపడండి. ఒప్పుకోకపోయినా సరే, వాదించడం కూడా గౌరవమే. చివరి పేరాలో ఒక పొడవాటి ఉటంకింపుల వరస తగిలించి సంఖ్య పెంచుకోవడం మాత్రం ఎవరికీ పనికిరాదు.

ప్రచురణ కాని నివేదికలు, స్థానిక భాషల్లో వచ్చిన మోనోగ్రాఫ్‌లు, పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు, ఇవన్నీ వెతకాలి. పురావస్తు శాస్త్రంలో డేటాలో చాలా భాగం అక్కడే ఉంటుంది. ఉటంకించేటప్పుడు అసలు శీర్షికను లిప్యంతరీకరించి, పక్కన అనువాదం ఇవ్వండి. అనువాదం ఒక్కటే ఇస్తే అసలు పుస్తకం ఎవరికీ దొరకదు.

ఆరో అడుగు: ఎక్కడ ప్రచురించాలి

ఇక్కడ నా సలహా కొందరికి రుచించకపోవచ్చు. ప్రతి పేపర్ పెద్ద అంతర్జాతీయ జర్నల్‌కే వెళ్లనక్కర్లేదు. తవ్వకం జరిగిన దేశంలోని జర్నల్‌లో, అక్కడి భాషలో డేటా పేపర్ వేసి, విస్తృత వాదనను అంతర్జాతీయ జర్నల్‌లో వేసే పద్ధతి ఉంది. రెండు జర్నళ్లకూ ముందే చెప్పి, రెండూ ఒకదాన్నొకటి ప్రస్తావించుకునేలా చూసుకుంటే ఒకే పనిని రెండుసార్లు ప్రచురించారన్న సమస్య రాదు. 1990లో మొదలైన ‘లాటిన్ అమెరికన్ యాంటిక్విటీ’ లాంటివి ఇంగ్లిష్‌తో పాటు స్పానిష్‌లోనూ వ్యాసాలు వేస్తాయి. అలాంటి చోటు ఉంటే వాడుకోండి.

అందరూ ఉచితంగా చదివేలా వేసే ఓపెన్ యాక్సెస్ ప్రచురణకు రచయితలు కట్టే ఫీజుల సంగతి రచయితల ఒప్పందంలోనే తేల్చుకోవాలి. తక్కువ ఆదాయ దేశాల పరిశోధకులకు జర్నళ్లు అందించే రీసెర్చ్4లైఫ్ జాబితాలో ఉన్న దేశాల రచయితలకు చాలామంది ప్రచురణకర్తలు ఫీజు పూర్తిగానో కొంతో తగ్గిస్తారు. అయితే ఈ రాయితీ ఎవరి సంస్థ చిరునామాను బట్టి వస్తుందో జర్నల్‌ను బట్టి మారుతుంది, పంపే ముందే చూడండి. ఫీజు కట్టలేకపోతే ఆమోదం పొందిన రాతప్రతిని రిపోజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) పెట్టుకోనిచ్చే జర్నల్ ఎంచుకోండి. ఫీజు లేని ఓపెన్ జర్నళ్లు కూడా ఉన్నాయి. కెరీర్ మొదట్లో ఉన్న సహరచయితకు ఎలాంటి జర్నల్ కలిసొస్తుందో ఒక మాట అడగండి. ప్రొఫెసర్‌కు పర్వాలేదనిపించేది ఉద్యోగం వెతుక్కునే మనిషికి సరిపోకపోవచ్చు.

బొమ్మల గురించి రెండు మాటలు. ఎరుపు-ఆకుపచ్చ తేడా తెలియని పాఠకులు మీరనుకున్నదానికన్నా ఎక్కువే. పొరల బొమ్మలో రంగుతో పాటు గీతల తీరు కూడా మార్చండి. ఇంద్రధనుస్సు రంగుల మ్యాప్ వదిలేయండి. ప్రతి బొమ్మకూ ప్రత్యామ్నాయ వివరణ రాయండి. ‘పటం 3’ అంటే చూపు లేని పాఠకుడికి ఏమీ తెలియదు. ‘ఉత్తరం నుంచి దక్షిణానికి వాలుతున్న మూడు పొరలు, మధ్యదానిలో బూడిద గుంట’ అంటే తెలుస్తుంది.

ఏడో అడుగు: రివ్యూయర్లకు, సంపాదకులకు

రివ్యూ రాసేటప్పుడు భాషను, వాదనను వేరు వేరు పేరాల్లో పెట్టండి. ‘ఇంగ్లిష్ మాతృభాషగా ఉన్నవారితో చూపించండి’ అని రాయకండి. ఆ మాటతో సాయం అందదు, రచయిత ఎవరై ఉంటారని మీరు ఊహించుకున్నారో మాత్రమే బయటపడుతుంది. ఏ వాక్యం అర్థం కాలేదో చూపిస్తే చాలు. పద్ధతుల గురించి అడిగినట్టే అనుమతులు, అవశేషం మూలం, రచయితల జాబితా గురించి కూడా అడగండి. ఇది మీ పని కాదని ఎవరైనా అంటే, అటా సంగతి గుర్తుచేయండి.

రచయిత, రివ్యూయర్ ఇద్దరి పేర్లూ దాచే పద్ధతి మంచిదే కానీ మన రంగంలో దానికో హద్దు ఉంది. సైట్ పేరు చదవగానే బృందం ఎవరిదో తెలిసిపోతుంది. కాబట్టి పేర్లు దాచాం, పక్షపాతం పోయింది అనుకుని సంపాదకులు నిశ్చింతగా ఉండకూడదు. రివ్యూయర్ల జాబితాలో ఆ ప్రాంతంలో పనిచేసే పరిశోధకుడు కనీసం ఒకరైనా, పరిరక్షణ పనులు చేసే ప్రైవేట్ సంస్థల్లోనో మ్యూజియంలోనో ఉన్నవాళ్లు ఒకరైనా ఉండేలా చూడండి. యూనివర్సిటీ మెయిల్ లేనివాళ్లు నిపుణులు కారనుకోవడం సంపాదకుల్లో మామూలుగా కనిపించే బద్ధకం.

జర్నల్ లెక్కలు తీసేటప్పుడు ప్రచురణైన వ్యాసాలు మాత్రమే లెక్కపెడితే ఏం చేయాలో తెలియదు. ఎంతమంది పంపారు, ఎంతమంది రివ్యూ దాకా వెళ్లారు, సవరించమన్నాక ఎంతమంది తిరిగి పంపలేదు అన్న మూడు దశలూ విడివిడిగా చూడాలి. బార్డాల్ఫ్ అధ్యయనం లేవనెత్తిన పెద్ద ప్రశ్న కూడా ఇదే: ఆడవాళ్ల పేపర్లు తిరస్కరణకు గురవుతున్నాయా, అసలు రావడమే తక్కువా? రావడమే తక్కువైతే రివ్యూ పద్ధతి మార్చి లాభం లేదు, వెళ్లి పిలవాలి. సవరణ దగ్గర ఆగిపోతుంటే గడువులు చూడండి. పిల్లల్నో పెద్దల్నో చూసుకునేవాళ్లకు, ఫీల్డ్ సీజన్ మధ్యలో ఉన్నవాళ్లకు ముప్పై రోజుల గడువు అంటే తలుపు మూసినట్టే. గడువు పొడిగిస్తామని ఉత్తరంలోనే రాస్తే, అడగడానికి మొహమాటపడేవాళ్లు కూడా నిలబడతారు. రచయితల వివరాలు అడగాల్సి వస్తే స్వచ్ఛందంగా, పేరుతో ముడిపెట్టకుండా అడగండి. అతి చిన్న గుంపుల సంఖ్యలను బయటపెట్టకండి, ఒక్క మనిషే ఉంటే ఎవరో అందరికీ తెలిసిపోతుంది.

ప్రత్యేక సంచికలకు తెలిసినవాళ్లకు ఫోన్ చేసి పేపర్లు అడగడం మానండి. బహిరంగ ప్రకటన ఇవ్వండి. వచ్చిన సారాంశాల్లో కనీసం కొన్నింటికి, ముందే సంపాదక సాయం అందిస్తామని చెప్పండి.

అచ్చయ్యాక

పేపర్ అచ్చయిన రోజే దాని పీడీఎఫ్, స్థానిక భాషలో రెండు పేజీల సారాంశం తవ్వకంలో పనిచేసిన అందరికీ చేరాలి. ఆ రెండు పేజీలు పేపర్ కన్నా ముందే సిద్ధం చేసి సమాజం పెద్దలకు చూపిస్తే ఇంకా మంచిది. అప్పుడు తప్పులుంటే దిద్దుకునే సమయం ఉంటుంది. పత్రికలవాళ్లకు ఇచ్చే ప్రకటనలో స్థానిక సహరచయితల మాటలు కూడా పెట్టండి. విశ్వవిద్యాలయాల ప్రెస్ ఆఫీసులు తమ ప్రొఫెసర్ ఒక్కరి పేరే ఉంచి మిగతావి కోసేస్తాయి, కాబట్టి ప్రకటన బయటికి పోకముందే మీరు చదవాలి.

ఎవరి పేరైనా తప్పిపోయినట్టు తర్వాత తెలిస్తే, అందరు రచయితల అంగీకారంతో జర్నల్‌కు రాసి సవరణ నోటీసు వేయించండి. రచయితల జాబితా మార్పుకు సంపాదకులు కారణం అడుగుతారు. మొదట్లో రాసుకున్న ఒప్పందం, కాంటెక్స్ట్ షీట్ల మీది ‘తవ్వినవారు’ గడి, దిద్దుబాట్ల తేదీలు ఉంటే ఒక్క మెయిల్‌లో పని అయిపోతుంది.